పిడికెడు

బాదేపల్లి గంజిల
పల్లికాయ లేచిపోయినంక నేల ఊడుస్తుంటే
కుర్మమ్మ చేతికి ఒక బిల్ల దొరికింది.
తెల్లగ, పల్చగ,
ఉఫ్ అంటే లేచిపోయేటట్టు.
చెంగుకు తుడిచి నా కాంటా మీద పెట్టింది.
అంకె కదల్లే.
"క్వింటాళ్లు జోకేదానికి
దీని బరువేం తెలుస్తదవ్వా" అన్న.
"మరి దేనికి తెలుస్తది?" అన్నది.

బిల్ల మీది రాత
కొక్కేలు వరుసగ తగిలేసినట్టున్నది.
చాయ్ బండి మక్బూలు అటు తిప్పి ఇటు తిప్పి
నా అరచేతిలనే పెట్టిండు.
గుర్తుపట్టింది మాత్రం
మందుల దుకాణం పైన కూసునే డాక్టరమ్మ నిఖత్.
ఆరేండ్లు మంచుల డాక్టరీ చదివొచ్చిన పిల్ల.
"నాదే. మా అబ్బాతోని కాయ అమ్మ వచ్చినప్పుడు
పర్సు బోర్లపడ్డది.
పది ద్రాములు. ఆర్మేనియాది."

అక్కడ ద్రాము అంటే
ఈ బిల్ల ఒక్కటే కాదట.
పైకమంతా ద్రామేనట.
బ్యాంకును కూడా ద్రాముల ఇల్లు అనే పిలుస్తరట.
"అసలుకు వాళ్ల మాట కాదు,
గ్రీకుల కాడ తెచ్చుకున్నరు."

"మల్ల ఎన్నడు తిరిగిచ్చిన్రు?"
కుర్మమ్మ అడిగింది.

నిఖత్ నవ్వింది.
మాటకు మిత్తి ఉండదవ్వా, అన్నది.
మిత్తి లేని అప్పు
నేను పుట్టి చూడలే, అన్నది కుర్మమ్మ.

నాకు మా నాయిన యాదికొచ్చిండు.
నాగర్‌కర్నూల్ సర్కారు దవాఖాన్ల కాంపౌండర్.
గాజు గ్లాసు వెలుగుకు పట్టి
ఒక కన్ను మూసి మందు పోసేటోడు.
"ఈ గీత ఒక డ్రాము.
దాటితే మందు మందు కాదురా."
ఇంగిలీసోళ్ల గీత అనుకున్న ఇన్నొద్దులు.

అదే మాట ఇంకో తొవ్వల
గుర్రాల మీద, ఎడ్ల మీద,
ఎవరి నోట్లనో కొసలు అరిగి,
దిల్లీల దామై
చివరికి దమ్మిడై మా గడప తొక్కిందట.
"దమ్మిడికి పనికిరావు నువ్వు" అని
పరీక్ష తప్పినప్పుడల్లా తిట్టేటోడు నాయిన.
తన గ్లాసు మీది గీతతోనే
తిడుతున్నడని తెల్వకుండనే పోయిండు.

"అయితే అందరికంటే ముందుగాల
ఏందట దానర్థం?"

నిఖత్ స్టెతస్కోపు బల్ల మీద పెట్టి
గాలిల పిడికిలి బిగించి చూపించింది.
"పట్టు.
ఆరు ఇనుప చువ్వలు గుప్పిట పడితే ఒకటి.
చేతికి పట్టినంత.
పిడికెడు."

కుర్మమ్మ మాట్లాడలే.
మెట్లు దిగేటప్పుడూ మాట్లాడలే.

ఒకప్పుడు బస్తాకు పిడికెడు ఊడ్చేటోళ్ల పాలు.
ఎవరూ రాసుకోలే, ఎవరూ అడగలే.
కరెంటు కాంటా వచ్చినంక గోడ మీద బోర్డు వచ్చింది,
సరుకు చేత్తో ముట్టరాదని.
సేటు మాత్రం ఇప్పటికీ
ప్రతి బస్తాల చెయ్యి పెడతడు.
పిడికెడు తీసి, ఒలిచి, నమిలి ధర చెప్తడు.
మిగిలింది మల్ల బస్తాల పడంగ
పన్నెండేండ్ల దడవాయి పనిల నేను చూడలే.
అది మాలు చూసుడు.
కుర్మమ్మ తీస్తే దానికి పేరు వేరే.

గంజికి తిరిగొచ్చినం.
ఊడ్చిన కుప్పల నుంచి ఆమె
మట్టితోని సహా గుప్పిట నింపుకున్నది.
తెరవకుండనే కాంటా మీద ఆనిచ్చింది,
మోచేతి దాకా.

"జోకు."
"చెయ్యి తియ్యవ్వా."
"చెయ్యి తరుగు కింద కొట్టేసి రాయి.
రైతుకు రాస్తలేవా
మట్టి తరుగు, తేమ తరుగు?"

అంకె తిరిగింది, ఆగింది, మల్ల తిరిగింది.
అండ్ల కాయ ఎంత, చెయ్యి ఎంత,
యాభై ఏండ్లు చీపురు పట్టిన కాయలెంత
నాకు తెల్వలే.
చిట్టీ పుస్తకం తెరిచి
కలం మూత తీసి
అట్లనే కూసున్న.

ఆమె పిడికిలి
కొంగుల వదిలి ముడేసుకుని
చీపురు అందుకున్నది.

బిల్లను నిఖత్ వాపసు తీసుకోలే.
కాంటా ఒక కోడు ఎప్పటినుంచో ఊగుతుండె.
దాని కింద పెట్టిన.
కొంచెం నిలబడ్డది.